కుడికాలి సాక్ష్యం

ఉప్పల్,
26 జూన్ 1966

మార్తక్కకు తమ్ముడు సామ్యేలు రాసేది.

చేతిరాత నాదే కాబట్టి చేతులు బాగున్నాయని నీకు తెలిసిపోతుంది. ముందు అది నమ్మి, తర్వాత మిగతాది చదువు.

పోయిన నెల ముప్పయ్యో తేదీ సాయంత్రం నాచారం నుంచి, అంటే మా గాజుసీసాల కార్ఖానా నుంచి, సైకిల్ మీద ఇంటికి వస్తున్నాను. ఉప్పల్ చౌరస్తాకు ఇవతల వెనక నుంచి ఒక లారీ తగిలింది. నేను రోడ్డుకు ఎడమ పక్కనే ఉన్నాను. ఎగిరి ద్రాక్షతోట కంచె మీద పడ్డాను. కుడికాలు మోకాలి కింద విరిగింది. ఇప్పుడు ప్లాస్టర్‌తో ఇంట్లోనే ఉన్నాను. నీకు రాస్తానని నీ మరదలు విక్టోరియా అంటే నేనే ఆపాను. సెలవు పెట్టి, ఆ జగిత్యాల బస్సుల్లో రోజంతా కుదుపులు పడి వస్తావని భయం.

లారీవాడు పారిపోలేదక్కా. పేరు నర్సయ్య, దమ్మాయిగూడ మనిషి. సొంత లారీ, పాతది. తనే నడుపుకుంటూ ఇసుక తోలుతాడు. నన్ను ఎత్తి తన పక్కన పడుకోబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. దారంతా ఒకటే మాట, "అన్నా, కండ్లు మూయకు. నాతోని మాట్లాడు. నీ పిల్లల పేర్లు చెప్పు." పోలీసులకు కూడా తనే చెప్పుకున్నాడు. "ఎద్దు అడ్డమొస్తే తప్పియ్యబోయిన. అన్నను సూస్కోలే. తప్పు నాదే."

ఇంకో సంగతి. జనార్ధనరావు గారని ఒక వకీలు ఇంటికి వచ్చారు. ఇట్లాంటి దెబ్బలకు నష్టపరిహారం అడగడానికి కోర్టు ఉందట. అరవై రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలట. లారీకి బీమా ఉంటుంది కాబట్టి కంపెనీ ఇస్తుందట. సంతకం చేశాను. చేసినప్పటి నుంచి ఒకటే సిగ్గు. ఎముక విరిగిందని చూపించి డబ్బు అడగడం, రోడ్డు పక్కన పుండు చూపించి అడుక్కునేవాడి పనిలాగే అనిపిస్తోంది. నాయన ఉంటే ఏమనేవాడో. నువ్వు ఏమంటావు?

పిల్లలు నా ప్లాస్టర్ మీద బొగ్గుతో బొమ్మలు గీస్తున్నారు.

నీ తమ్ముడు,
సామ్యేలు


జగిత్యాల,
4 జూలై 1966

తమ్ముడూ,

నీ ఉత్తరం వార్డులో నిలబడే చదివాను. చదివి స్టూలు మీద కూర్చున్నాను. నెలరోజులు దాచావు! అమ్మ పోయిననాడు నీకు నాలుగేళ్ళు. అప్పటి నుంచి నీ ఒంటికి తగిలిన ప్రతి దెబ్బకూ మందు రాసింది నేను. ఇరవై రెండేళ్ళుగా ఈ మిషన్ దవాఖానాలో ఊళ్ళోవాళ్ళందరికీ కట్లు కడుతున్నాను. నా తమ్ముడి కాలికి మాత్రం ఎవరో కట్టు కట్టారు.

సరే. ప్లాస్టర్ లోపల దురద పెడితే పుల్ల దూర్చకు. కాలివేళ్ళు నీలంగా అయితే ఆ పూటే దవాఖానాకు పో. మేకకాళ్ళ పులుసు తాగు. నీకు దాని వాసన పడదని తెలుసు, ముక్కు మూసుకుని తాగు.

అడగటంలో సిగ్గేముంది? పోయిన జీతం, మందుల ఖర్చు, పడ్డ నొప్పి, ఇవి నువ్వు కల్పించినవి కావు. జరిగింది జరిగినట్టు చెప్పి, రావలసింది అడిగితే అది అడుక్కోవడం కాదు. నాయన ఉన్నా ఇదే అనేవాడు. పటేలు కూలి ఎగ్గొడితే వాకిట్లో కూర్చుని అడిగి తెచ్చుకున్న మనిషి ఆయన.

నర్సయ్య మీద మాత్రం కోపం పెట్టుకోకు. గుద్ది పారిపోయినవాళ్ళు వదిలేసిన మనుషులను ఇక్కడ ఎంతమందిని చూశానో.

విక్టోరియాకు, పిల్లలకు నా దీవెనలు.

అక్క,
మార్తమ్మ


ఉప్పల్,
20 నవంబర్ 1966

అక్కా,

ప్లాస్టర్ తీశారు. ఈ నెల నుంచి పనిలోకి వెళ్తున్నాను. మెషీన్ దగ్గర నిలబడలేనని మేనేజర్ గారు స్టోర్స్‌లో కూర్చునే పని ఇచ్చారు. వెదురుకర్ర సాయంతో బస్సు దాకా నడుస్తాను. ఇంట్లో అయితే రోజూ కాసేపు కర్ర లేకుండానే నడుస్తున్నాను.

ఇక్కడి డాక్టరు కాగితం రాసిచ్చాడు. కాలు పూర్తిగా స్వాధీనంలోకి రాకపోవచ్చని అందులో ఉంది. వకీలు గారు అది చదివి చాలా సంతోషించారు. ఆ సంతోషం నాకు నచ్చలేదు. కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

మేకకాళ్ళ పులుసు తాగుతున్నాను. ముక్కు మూసుకునే.

సామ్యేలు


జగిత్యాల,
11 సెప్టెంబర్ 1967

సామ్యేలూ,

మీ చర్చి పెద్ద భూషణం గారు ఇక్కడ ఇచ్చిన కూతురిని చూడటానికి వచ్చి, నిన్న మా క్వార్టర్‌కు కూడా వచ్చారు. చాయ్ తాగుతూ మామూలుగా అన్నారు, "ఏం జేస్తమమ్మా, సామ్యేలుకు గట్ల రాసిపెట్టి ఉన్నది. కర్ర లేంది అడుగేస్తలేడు. ప్రభువు బల్లకాడ మోకాలు వంచలేక నిలబడే రొట్టె తీసుకుంటున్నడు." ఆయన నాకు తెలుసనుకున్నారు. నేను తెలిసినట్టే తల ఊపాను. ఆయన వెళ్ళాక తలుపు వేసుకున్నాను.

ఏడాదిగా ప్రతి ఉత్తరంలోనూ "బాగానే ఉన్నాను" అని రాస్తున్నావు. మళ్ళీ దాచావు.

అతికిన ఎముక ఎందుకు పనికి రాకుండా పోయింది? వంకరగా అతికి ఉంటుంది. మా పెద్ద డాక్టరమ్మను అడిగాను. అట్లాంటివి మళ్ళీ సరిచేయవచ్చంది. నీ కోసం ఒక మంచం ఖాళీ పెట్టిస్తానంది. బస్సు ఎక్కి రా. రాలేకపోతే చెప్పు, నేనే వచ్చి తీసుకొస్తాను.

మార్తమ్మ


ఉప్పల్,
24 సెప్టెంబర్ 1967

అక్కా,

భూషణం గారు చెప్పింది నిజమే. కర్రతోనే తిరుగుతున్నాను. అయితే ఎముక తప్పు కాదట, ఏదో నరం తప్పట. మళ్ళీ కోస్తే లాభం లేదన్నారు. డాక్టరమ్మ గారికి నా వందనాలు చెప్పు. ఆ మంచం ఇంకెవరికైనా ఇవ్వమను.

నువ్వు ఇప్పుడు రావద్దు. ఇంట్లో పడుకోవడానికి చోటు లేదు. రేకులు తీయించి స్లాబు వేయిస్తున్నాం. కేసు తీర్పు మే నెలలోనే అయింది. నాలుగువేలు ఇమ్మన్నారు. నీకు రాయలేదు. ఎందుకు రాయలేదంటే ఏం చెప్పను.

నొప్పి లేదక్కా. నిజంగా లేదు. దాని కోసం ఏడవకు.

సామ్యేలు


జగిత్యాల,
8 జనవరి 1968

సామ్యేలూ,

క్రిస్మస్‌కు నీ దగ్గర నుంచి కార్డు కూడా లేదు. నేను వస్తానని రెండుసార్లు రాస్తే, ఒకసారి చోటు లేదన్నావు, ఒకసారి జవాబే లేదు. సంగతి అర్థమైంది. విక్టోరియాకు నేను రావడం ఇష్టం లేదు. మీ పెళ్ళిలో ఆమె మేనమామతో నేను అన్న మాటలు ఇంకా మనసులో పెట్టుకుంది కాబోలు. ఇప్పుడు స్లాబు ఇల్లు కూడా అయింది. నలభై ఏళ్ళు దాటాయి నాకు, ఇట్లాంటివి చెప్పకపోయినా తెలుస్తాయి.

అయినా నీ సంగతి నేను వదలను. సెప్టెంబర్ నుంచి ప్రతి శుక్రవారం నీ కాలి కోసం ఉపవాసం ఉంటున్నాను. నన్ను చూసి మా ఆయాలు, డ్రెస్సర్లు కూడా చేరారు. పన్నెండు మందిమి. అందులో లూర్దమ్మ అనే ఆయాకు చక్కెర రోగం. ఆకలికి చేతులు వణుకుతాయి. వద్దంటే వినదు. "నీ తమ్ముడు నడిసినంక తింట తియ్ అక్కా" అంటుంది.

ఈస్టర్‌కు సెలవు అడిగాను. ఎవరికి ఇష్టమున్నా లేకపోయినా వస్తాను.

మార్తమ్మ


ఉప్పల్,
3 మార్చి 1968

అక్కా,

కూర్చుని చదువు. ఒక్కదానివే చదువు.

నా కాలు బాగుంది. పోయిన ఏడాది జనవరి నుంచే బాగుంది.

ఆ జనవరిలో కర్ర మూలకు పెట్టి సైకిల్ ఎక్కాను. ఆ వారమే వకీలు గారు కబురు పెట్టారు. నేను ఆయన ఆఫీసు మెట్లు ఎక్కడం కిటికీలోంచి చూశారట. "ఏందయ్యా సామ్యేలూ, గిట్ల ఉరుకుతున్నవ్? డాక్టరు కాగితంల ఒకటుంటే నువ్వు ఒకటి జూపిస్తే కేసు ఏం గావాలె? తీర్పు అయ్యేదాంక కర్ర ఇడువకు. ఇచ్చేది బీమా కంపెనీ. ఎవ్వరి కడుపు కొట్టినట్టు గాదు" అన్నారు.

విక్టోరియా ఒక్కతే వద్దంది. "మనకొద్దు గీ నాటకం. పిల్లలు సూస్తున్నరు" అంది. రేకుల కింద ఎండకు మాడిపోతున్నది కూడా ఆ పిల్లలే కదా అన్నాను. రెండు మూడు నెలలు కర్ర పట్టుకుంటే ఏం పోతుందన్నాను. నువ్వు రావడం ఆమెకు ఇష్టం లేదని రాశావు. నిన్ను రానివ్వనిది నేను. నువ్వు వస్తే నా కాలు మీద చెయ్యి వేసి చూస్తావు. ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది నీకు.

ఏప్రిల్‌లో కోర్టుకు పిలిచారు. నర్సయ్య లారీ బీమా గడువు ప్రమాదానికి పదకొండు రోజుల ముందే అయిపోయిందని ఆ పొద్దున తేలింది. బిడ్డకు జబ్బు చేస్తే ఆ డబ్బు దవాఖానాలో ఖర్చు పెట్టుకున్నాడట. బీమా వాళ్ళ వకీలు ఆ మాట చెప్పి కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇక ఇచ్చేది నర్సయ్య ఒక్కడే. ఇదంతా నేను అక్కడే కూర్చుని విన్నాను. ఆ తర్వాతే నన్ను పిలిచారు. చేతిలో బైబిలు పెట్టారు. కర్ర లేకుండా నడవగలవా అని అడిగారు.

ఆలోచించుకోవడానికి సమయం లేకపోయిందని అబద్ధం చెప్పను. ఉంది. నర్సయ్య నా ముఖం చూడలేక తల వంచుకుని ఉన్నాడు. వెనక బల్ల మీద భూషణం గారు, మా కార్ఖానా వాళ్ళు ఇద్దరు ఉన్నారు. మూడు నెలలుగా నన్ను కర్రతో చూస్తున్నవాళ్ళు. వాళ్ళ ముందు ఇప్పుడు ఏ ముఖంతో మాట మార్చను అనుకున్నాను. "నడవలేను" అన్నాను.

అతను లారీ అమ్మి డబ్బు కట్టాడు.

తీర్పు అయ్యాక కర్ర వదిలేద్దామనుకున్నాను. కానీ వదలడానికి ఒక కారణం చెప్పాలి కదా. వచ్చే నెల, ఆ పై నెల అనుకుంటూ ఉండగా డిసెంబర్‌లో నర్సయ్య మా కార్ఖానాకే హమాలీగా వచ్చాడు.

మా స్టోర్స్ ముందే పగిలిన గాజు సంచులు దించుతాడు. పని దిగాక నా కోసం గేటు దగ్గర ఆగుతాడు. బస్సు ఎక్కేటప్పుడు చంక కింద చెయ్యి వేసి లేపుతాడు. "జర పైలం అన్నా. నా తోనే గదా నీకు గీ గతి పట్టింది" అంటాడు. తన ఊరు అటు పక్క అయినా ఉప్పల్ దాకా నాతోనే వచ్చి, కండక్టర్‌తో పోట్లాడి నాకు సీటు ఇప్పిస్తాడు. రోజంతా బస్తాలు మోసిన మనిషి నిలబడతాడు. నేను కూర్చుంటాను. మూడు నెలలుగా ఇట్లా కూర్చుంటున్నాను.

మీ ఉపవాసాల సంగతి చదివిన రాత్రి నుంచి అన్నం సరిగ్గా దిగడం లేదు. నీకు కూడా రాయకపోతే ఇక మనిషిని కానని రాస్తున్నాను. ఆ లూర్దమ్మను తినమని చెప్పు. నేనేం చెయ్యాలో చెప్పు.

సామ్యేలు


జగిత్యాల,
13 మార్చి 1968

సామ్యేలూ,

నీ ఉత్తరం అంది ఆరు రోజులైంది. కోపమంతా రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రాయలేదు.

శుక్రవారం ప్రార్థనలో లేచి నిలబడి చెప్పాను. "నా తమ్ముని కాలు బాగున్నదమ్మా. ఏడాది నుంచి బాగున్నది. వాడు అబద్ధమాడిండు. నేను మీతోని ఉపాసాలు చేయించిన. నన్ను క్షమించున్రి." లూర్దమ్మ లేచి బయటికి పోయింది. నాతో పని మాటలు తప్ప ఇంతవరకు ఇంకో మాట లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే గిన్నెలో తిన్నవాళ్ళం.

విక్టోరియాకు విడిగా ఒక కాగితం పెట్టాను. నువ్వు చదవకు. అందులో ఉన్నది నా సిగ్గు.

ఏం చెయ్యాలని నన్ను అడిగావు. నాకు ఎందుకు చెప్పావురా? నేను నీ కోసం లారీ అమ్ముకున్నానా? ఆ మనిషికి చెప్పు. గేటు దగ్గర కాదు, బస్సులో కాదు. అతని ఇంటికి వెళ్ళి భార్య ముందు, పిల్లల ముందు చెప్పు. పోగొట్టుకున్నది వాళ్ళంతా.

అది అయ్యేదాకా నేను ఆ ఇంటికి రాను.

మార్తమ్మ


ఉప్పల్,
8 ఏప్రిల్ 1968

అక్కా,

మార్చి ఇరవై నాలుగు, ఆదివారం నాడు వెళ్ళాను. బస్సు ఎక్కలేదు. నాచారం, మల్లాపూర్ మీదుగా దమ్మాయిగూడ దాకా నడిచాను. దారిలో మా కార్ఖానా వాళ్ళు ఇద్దరు సైకిళ్ళ మీద ఎదురై, నన్ను చూసి ఆగిపోయారు. నేను ఆగలేదు.

నర్సయ్య వాకిట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. ముఖం కాదు, ముందు కాళ్ళు చూశాడు.

"అన్నా, కర్రేది? నడిసొచ్చినవా? ఉప్పల్ సంది నడిసొచ్చినవా?"

నేను నోరు తెరిచేలోగా ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, ఇటు రాయే! సామ్యేలన్న కాలు బాగైంది! యాదగిరిగుట్టకు మొక్కిన గద, తీరింది! నడుసుకుంట పోవాలె మనం!"

ఏడుస్తున్నాడక్కా. కింద కూర్చుని నా కాలు చేతుల్లోకి తీసుకుని, ఎముక విరిగిన చోట తడిమి చూస్తున్నాడు. "నా పాపం పోయిందన్నా. కండ్లు మూస్తె నువ్వు కంచె మీద పడ్డదే కనవడుతుండె" అంటున్నాడు.

అట్లాగే ఊరుకుని చాయ్ తాగి వచ్చేయొచ్చు. అతనికి సంతోషం, నాకు కర్ర పీడ వదిలిపోతుంది. ఆ ఆలోచన నాకు వచ్చింది. అది కూడా నీకు చెప్పాలని రాస్తున్నాను.

"నర్సన్నా, గిది ఇప్పుడు బాగైంది గాదు. కోర్టుల నిలబడ్డనాడు గూడ బాగనే ఉండె" అన్నాను. అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పినప్పుడు అతని చేతులు నా కాలి మీది నుంచి లేచాయి.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఒకే మాట అడిగాడు. "మరి దినాం నేను బస్సెక్కిస్తుంటె, నువ్వు లోపల ఏమనుకుంటుంటివన్నా?"

నర్సయ్య లేచి లోపలికి పోయాడు. మళ్ళీ బయటికి రాలేదు.

అతని భార్య గడపలోనే నిలబడి ఉంది. "పైసలున్నయా?" అని అడిగింది. లేవు, ఇంటి కప్పుకు పెట్టాను అన్నాను. "గట్లయితె కప్పు ఊడబీకి తే" అంది. పిల్లలు ముగ్గురూ ఆమె వెనక నుంచి నన్ను చూస్తున్నారు.

తర్వాత వకీలు గారి దగ్గరికి వెళ్ళాను. కోర్టుకు నిజం చెబుతానంటే, "బైబిలు పట్టుకొని అబద్ధమాడినందుకు జైలుకు పోతవ్. నన్ను గుంజకు" అని పంపేశారు. విక్టోరియా, నేను మా పాస్టరు గారి ముందు కాగితం రాసుకున్నాం. మందుల ఖర్చు, పోయిన జీతం పోను మిగతాదంతా నర్సయ్యది. నా సైకిలు, విక్టోరియా కమ్మలు అమ్మగా వచ్చింది ముందు ఇచ్చేటట్టు, మిగతాది నెలనెలా ఇచ్చేటట్టు. కోర్టుకు కూడా పాస్టరు గారి చేతనే ఒక అర్జీ రాయించి పంపాను. ఏమవుతుందో చూడాలి.

మేనేజర్ గారు నన్ను మళ్ళీ మెషీన్ మీదికి పంపారు. నేను నడుస్తుంటే వెనక ఎవరో ఒకరు కుంటుతున్నట్టు నడిచి చూపిస్తారు, మిగతావాళ్ళు నవ్వుతారు. చర్చి పెద్దల సంఘంలో నేనూ ఒకణ్ణి కదా, అందులోంచి నా పేరు తీసేశారని భూషణం గారు ఆరాధన అయ్యాక చదివి వినిపించారు. విక్టోరియా తల వంచుకోలేదు. నేను వంచుకున్నాను. నర్సయ్య ఇప్పుడు గేటు దగ్గర ఆగడు. ఎదురుపడితే బస్తా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, ముఖం అటు తిప్పుకుని పోతాడు.

నిన్న మొదటిసారి డబ్బు తీసుకుపోయాను. నర్సయ్య బయటికి రాలేదు. ఆమే తీసుకుని కొంగున కట్టుకుంది. ఇకముందు మనియార్డరు చెయ్యనా అని అడిగాను.

"వద్దు. ఎవ్వల తోని పంపకు. నెలనెల నువ్వే రా. నడుసుకుంట రా. మా వాకిట్లకెల్లి నువ్వు నడుస్తుంటె నేను సూడాలె" అంది.

అయిదేళ్ళు పడుతుంది. వెళ్తాను.

నిన్ను ఈస్టర్‌కు రమ్మని అడిగే ముఖం నాకు లేదు. విక్టోరియా అడగమంది. నీకు బయట వసారాలో పక్క వేస్తానంది. స్లాబు వేసిన రోజు నుంచి తను అక్కడే పడుకుంటోంది. చలికాలంలో కూడా ఆ కప్పు కిందికి రాలేదు. ఈ సంగతి నీకు ఇంతవరకు రాయలేదు.

సామ్యేలు